ఉద్దానంలో ‘లైను’ అంటే ఏ లైను?

‘లైన్ వేశారు.’ రెండే రెండు మాటలు. ఎవరన్నారో, ఎక్కడన్నారో తెలీకుండా దీనికి అర్థం చెప్పమంటే ఎవరి తరమూ కాదు.

కాశీబుగ్గలో కాలేజీ కుర్రాళ్ల గుంపులో ఈ మాట పడితే ఒకటే నవ్వులు. ఎవరో ఎవరి వెంటో పడుతున్నారని లెక్క. అదే మాట వజ్రపుకొత్తూరు మండలంలో కొబ్బరితోట రైతు నోట వస్తే, మోటారుకి కరెంటు తీగ లాగారని. టెక్కలి ఆస్పత్రిలో డయాలసిస్ గది బయట కూర్చున్న ముసలమ్మ ‘మా గుంటడికి మెడ కాడ లైను ఏసినారు’ అంటే, కొడుకు మెడలోని రక్తనాళంలోకి గొట్టం పెట్టారని. ఒకచోట సరదా, ఒకచోట సాగునీరు, ఒకచోట ప్రాణం. మాట మాత్రం ఒక్కటే!

ఇంగ్లీషు మాటలొచ్చి తెలుగును తినేస్తున్నాయని మనం చాలాకాలంగా బాధపడుతున్నాం. ఆ బాధలో నిజం లేకపోలేదు. కానీ పలాస నుంచి టెక్కలి దాకా, అటు ఉద్దానం తీరం పొడుగునా ఈ ఒక్క ‘లైన్’ ఎలా తిరుగుతోందో చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మాట ఇంగ్లీషుదే. దానికి అర్థం ఇచ్చేది మాత్రం పక్కనున్న తెలుగు క్రియ. లైన్ వేయడం, కలవడం, మార్చడం, దాటడం, తెగడం, కట్టడం, లైన్లో పెట్టడం, లైన్లోకి రావడం... క్రియ మారిందంటే లోకమే మారిపోతుంది. ఒక్కోసారి ఆ మార్పు సరిగ్గా వినపడకపోతే ప్రాణం మీదకి కూడా వస్తుంది.

దారంతో మొదలు

లాటిన్ భాషలో ‘లీనియా’ అంటే అవిసె నారతో పేనిన దారం. ‘లినెన్’ బట్టకీ ‘లైన్’కీ పుట్టిల్లు ఒకటే. ముందు దారం, తర్వాత ఆ దారం లాగిపడితే వచ్చే గీత, ఆ గీత వెంబడి నిలబడ్డ వరస, ఆ వరసలో సాగే దారి... ఇంగ్లీషులో ఈ మాట అలా పెరుగుతూ వచ్చింది.

మన మేస్త్రి గోడ లేపేటప్పుడు రెండు చివర్లా మేకులు కొట్టి దారం లాగుతాడు. ‘లైను తప్పింది, ఆ ఇటిక కొంచెం లోపలికి నొక్కు’ అంటాడు. ఆయనకి లాటిన్ తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. వేల ఏళ్ల కిందట ఆ మాటకున్న అసలు అర్థం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ఉద్దానంలో కొబ్బరి మొక్కలు నాటేటప్పుడూ ఇంతే. ఎనిమిదేసి మీటర్ల ఎడం ఉండేలా తాడు పట్టుకుని లైను చూసుకుంటారు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని చెప్పుకొనే నేల అది.

మరి మనకి ఇలాంటి మాట లేదా? ఎందుకు లేదు! ‘వరస’ ఉంది. మనుషులు వరసలో నిలబడతారు. ఆయన నాకు వరసకి బావవుతాడంటాం. పాటకి వరస కడతాం. ‘నీ వరసేం బాలేదు’ అని పిల్లల్ని కోప్పడతాం. అసలు ‘లైన్’ చేసే పనులన్నీ చేయగల సత్తా మన ‘వరస’కి ఎప్పట్నుంచో ఉంది. అందుకేనేమో ‘లైన్’ వచ్చాక ఇల్లు వెతుక్కోలేదు. వరస పక్కన చోటు చూసుకుని కూర్చుంది. ఇద్దరూ పనులు పంచుకున్నారు. చుట్టరికాలు, పాటలు వరసకే ఉండిపోయాయి. రైళ్లు, కరెంటు, ఫోన్లు, వ్యాపారాలు లైన్‌కి వచ్చాయి.

పెద్ద లైను, చిన్న లైను

ఈ ప్రాంతానికి ఆ మాటను మోసుకొచ్చిన వాటిలో ముఖ్యమైనది రైలు. విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరం వెంబడి పట్టాలు పడింది 1893–96 మధ్య. ఇప్పటి హౌరా–చెన్నై మెయిన్ లైన్ అదే. పలాస ఆ దారిలో పెద్ద స్టేషను. ఆ వెనకే 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలొచ్చింది. 1931కల్లా అది గుణుపురం చేరింది. టెక్కలి మీదుగా వెళ్లే ఆ చిన్న లైను 2004లో ఆగిపోయి, మళ్లీ 2010–11లో బ్రాడ్‌గేజ్‌గా తెరుచుకుంది. నౌపడా ఉప్పుమళ్ల పక్కన పుట్టిన ఆ లైను ఇప్పుడు ‘పెద్ద లైను’ అయిపోయింది.

రైలు మనకి పట్టాలతోపాటు జాతీయాలు కూడా ఇచ్చింది. స్టేషనులో మెయిన్ లైన్ పక్కన ఒంపు తిరిగి మళ్లీ దాన్లోనే కలిసే పట్టాలుంటాయి. అది లూప్ లైన్. ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే ప్యాసింజర్‌ని అందులోకి తోసి నిలబెడతారు. ఎంతసేపు నిలబడాలో ప్యాసింజర్ చేతిలో ఉండదు. పెద్దాయనతో పేచీ పెట్టుకున్న అధికారిని ప్రాధాన్యం లేని కుర్చీలో కూర్చోబెడితే మన పత్రికలు రాసేది కూడా అదే: ‘లూప్ లైన్లో పెట్టారు’. ఇంతకంటే సరిగ్గా సరిపోయే మాట ఇంకోటి వెతకడం కష్టం. అతని ఉద్యోగం పోలేదు, జీతం ఆగలేదు. పక్కనుంచి ఎక్స్‌ప్రెస్‌లు దూసుకుపోతుంటే చూస్తూ ఉండాలంతే.

రైలు ఇచ్చిన ఇంకో మాట ‘లైన్ క్లియర్’. ‘సినిమా విడుదలకు లైన్ క్లియర్’, ‘డీఎస్సీ పోస్టులకు లైన్ క్లియర్’ అని రోజూ చదువుతూనే ఉంటాం. అడ్డంకులు తొలగాయని అర్థం. రైల్వేలో దాని అసలు అర్థం ఇంకా కచ్చితమైనది. రెండు స్టేషన్ల మధ్య ఒక పట్టా మీద ఒకసారికి ఒక్క రైలే ఉండాలన్నది పాత పద్ధతి. ఇక్కడి స్టేషన్ మాస్టరు ముందు స్టేషన్‌ని అడుగుతాడు. ముందు వెళ్లిన రైలు చివరి పెట్టెతో సహా వచ్చేసిందని చూసుకున్నాకే అవతలి మాస్టరు ‘లైన్ క్లియర్’ ఇస్తాడు. అప్పటిదాకా ఇక్కడ సిగ్నల్ పడదు. ఒంటి లైన్ల రోజుల్లో డ్రైవరు చేతికి పేము చట్రంలో పెట్టి టోకెన్ కూడా ఇచ్చేవారు. అది చేతిలో లేనిదే బండి కదలడానికి లేదు.

రద్దీ ఎక్కువున్న చోట్ల ఇప్పుడా పని ఆటోమేటిక్ సిగ్నళ్లు చేస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి చాలా రైళ్లు వెళ్లొచ్చు. కానీ మధ్యలో నమ్మకం తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర, విశాఖ నుంచి పలాస వస్తున్న ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొంది. 14 మంది చనిపోయారు. ముందున్న లైన్ క్లియర్‌గా లేదు. వెనక బండి మాత్రం ఆగలేదు.

స్తంభం మీద మాత్రం తిరగేసి చదవాలి

రైల్వేలో ‘లైన్ క్లియర్’ అంటే ‘ఇక బండి రావచ్చు’ అని. కరెంటు వాళ్ల దగ్గర కూడా ఇదే మాట ఉంది. ‘ఎల్‌సీ’ అంటారు. లైన్ క్లియర్‌కి పొట్టి పేరు. అర్థం మాత్రం తలకిందులు. ‘ఇక కరెంటు రాకూడదు’ అని!

లైన్‌మేన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి చెప్పి ఎల్‌సీ తీసుకుంటాడు. అక్కడి ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, రిజిస్టరులో రాసుకుంటాడు. లైన్‌మేన్ తీగలో మిగిలిన కరెంటుని భూమిలోకి దింపి అప్పుడు పైకెక్కుతాడు. పని ముగిశాక కిందికి దిగి, ఎల్‌సీ తిరిగిచ్చేస్తేనే మళ్లీ స్విచ్ వేయాలి. ఈ మధ్యలో ఎవరు తొందరపడినా, ఒక ఫీడరు అనుకుని ఇంకోటి ఆపినా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ‘ఎల్‌సీ తీసుకోకుండా స్తంభం ఎక్కి...’ అని మొదలయ్యే వార్తలు జిల్లా పేజీల్లో మనం చూస్తూనే ఉంటాం.

రైలైనా, స్తంభమైనా రెండు చోట్లా సంగతి ఒక్కటే. కంటికి కనపడని చోట కూర్చున్న ఒక మనిషి మాట నమ్మి, ఇంకో మనిషి తన ప్రాణాన్ని ముందుకు కదుపుతాడు. అందుకే ఆ రెండు మాటలకి అంత బరువు.

ఉద్దానానికి ఆ బరువు బాగా తెలిసిన రోజులు 2018 అక్టోబరులో వచ్చాయి. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. పడిన చెట్లు పడిన చోట ఊరుకోలేదు. స్తంభాల్ని, తీగల్ని లాక్కుని పడ్డాయి. అప్పుడు ఊళ్లలో మనిషి మనిషిని అడిగిన ప్రశ్న ఒకటే: ‘మీకు లైనొచ్చినాదా?’ లైను లేకపోతే మోటారు లేదు. మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్లు లేవు. ఫోన్‌లో చార్జింగ్ లేదు. దూరదేశం పనికెళ్లిన కొడుకు అక్కడ్నుంచి చేస్తుంటే ఇక్కడ లైన్ కలవదు. ఒక లైను తెగితే ఎన్ని లైన్లు తెగుతాయో అప్పుడు తెలిసింది.

ఇతర జిల్లాల నుంచి కూడా సిబ్బంది వచ్చి స్తంభాలు నాటి తీగలు లాగారు. ఇలాంటి సమయంలో ఒక జాగ్రత్త అందరూ గుర్తుంచుకోవాలి. ఇంట్లో జనరేటరు పెట్టుకున్నవాళ్లు మెయిన్ స్విచ్ ఆపకుండా దాన్ని నడిపితే, ఆ కరెంటు వెనక్కి వెళ్లి బయటి తీగల్లోకి ఎక్కొచ్చు. లైన్ క్లియర్ తీసుకుని స్తంభం మీద పనిచేస్తున్నవాడికి మీ ఇంటి నుంచే ముప్పు. సబ్‌స్టేషన్ ఇచ్చిన మాటని మన ఇల్లు తప్పించకూడదు కదా!

‘ఏటి బావా, ఏ లైన్లో ఉన్నావు?’

ఇక కాస్త తేలికైన లైన్లలోకి వద్దాం. పలాసలో పాత స్నేహితుడు ఎదురైతే క్షేమసమాచారం తర్వాత వచ్చే ప్రశ్న ఇది. ‘జీడి లైన్లోనే’ అంటే చాలు, మిగతాది అర్థమైపోతుంది. పిక్కలు కొనడమో, బట్టీలో కాల్పించడమో, పప్పు గ్రేడింగ్ చేయించడమో, ఏదో ఒకటి. ‘ఆ లైన్ వదిలేసి రియలెస్టేట్ లైన్లోకి ఎళ్లాను’ అంటే అతని కథ కూడా సగం చెప్పేసినట్టే. వృత్తి అన్నామంటే అందులో కులం వాసన వస్తుంది. ఉద్యోగం అంటే నెల జీతం గుర్తొస్తుంది. ‘లైన్’లో ఆ బరువేం లేదు. ఇవాళ ఇందులో ఉన్నాను, రేపు మార్చుకోవచ్చు. బతుకు మార్చుకోవచ్చన్న ధైర్యం ఆ మాటలో ఉంది.

దుకాణాలకి సరుకు వేసే వ్యాను కుర్రాడిది ఇంకో లైను. ‘సోమవారం మందస లైను, మంగళవారం సోంపేట లైను’ అంటాడు. అంటే ఆ రోజు తిరిగే ఊళ్ల వరస. సినిమావాళ్ల లైను వేరు. ‘ఒక లైన్ చెప్పాను, నిర్మాతకి నచ్చింది’ అంటే కథ మొత్తం రెండు ముక్కల్లో అని. 2020లో ‘పలాస 1978’ అని మన ఊరి పేరే సినిమా పేరైనప్పుడు ఈ ప్రాంతం కూడా ఆ లైన్లోకి వెళ్లింది.

ఒక తమాషా చూడండి. జాతీయ రహదారి 16 టెక్కలి, పలాసల్ని తాకుతూ వెళ్తుంది. దాన్ని మనవాళ్లు ‘ఫోర్ లైన్ రోడ్డు’ అంటారు. నిజానికి ఇంగ్లీషులో అది ‘లైన్’ కాదు, ‘లేన్’. రెండూ వేర్వేరు మాటలు, పుట్టుకలు కూడా వేరు. మనకి మాత్రం రెండూ ఒకటే అయిపోయాయి. పత్రికలు సైతం ‘నాలుగు లైన్ల రహదారి’ అనే రాస్తాయి. ఇది తప్పా? రోడ్డు మీద తెల్లగీతలు కనిపిస్తున్నాయి, బళ్లు వరసలుగా పోతున్నాయి. గీత, వరస రెండూ ఉన్నప్పుడు దాన్ని లైన్ అనుకోవడంలో మన తెలుగు బుర్ర చేసిన లెక్క సరైనదే. అటు గుంటూరు వెళ్తే బ్రాడీపేటలో వీధుల పేర్లే ‘నాలుగో లైను’, ‘అయిదో లైను’.

లైన్లో ఉండండి

ఫోన్ లైన్ది ఇంకో ముచ్చట. పొట్ట చేత్తో పట్టుకుని బయటికెళ్లే జనం ఉద్దానంలో ఏనాడూ తక్కువ లేరు. ఒకప్పుడు రంగూన్ వెళ్లారు. ఆ తర్వాత అండమాన్, హైదరాబాద్, ముంబై, గల్ఫ్. ట్రంక్ కాల్ రోజుల్లో ‘లైన్ కలిసింది’ అంటే పండగే. మూడు నిమిషాల్లో మూడు నెలల ముచ్చట్లు సర్దాలి. ఇప్పుడు లైన్ కలవకపోవడం అనేదే అరుదు. దాని స్థానంలో కొత్త బాధ వచ్చింది. ‘ఆన్‌లైన్లోనే ఉంటాడు, మాట్లాడ్డు.’ తీగలో దోషమైతే లైన్‌మేన్ వచ్చి సరిచేస్తాడు. ఈ దోషానికి ఎవర్ని పిలవాలి?

‘ఆన్‌లైన్’ అన్న మాటకి పల్లెలో ఇంకో బలమైన అర్థం ఉంది. ‘నా భూమి ఆన్‌లైన్ అవ్వనేదు’ అని రైతు అంటే, రెవెన్యూ కంప్యూటర్ రికార్డులో తన పేరు ఎక్కలేదని. తాత దున్నాడు, తండ్రి దున్నాడు, తను దున్నుతున్నాడు. తోటకి హద్దురాళ్లున్నాయి, ఊరంతా సాక్షులున్నారు. కానీ తెర మీద ఆ సర్వే నంబరు ఎదుట పేరు లేకపోతే బ్యాంకు అప్పు దగ్గర, పంట నష్టం జాబితా దగ్గర, అమ్మకం దగ్గర అడ్డం పడుతుంది. పొలం గట్టు అనే లైను కన్నా కంప్యూటర్లో ఆ లైను గట్టిదైపోయింది.

ఇక కుర్రకారు లైను సంగతి. ఇంగ్లీషులో ఈ అర్థంతో ‘లైన్ వేయడం’ అనే మాటే లేదు. ఇది మనదే. గాలం వేసినట్టు, వల వేసినట్టు, లైన్ వేయడం! ‘వేయడం’ అన్న తెలుగు క్రియలోనే వేట ఉంది. అవతలివాళ్లు కూడా ఒప్పుకుంటే ‘లైన్ కలిసింది’. అంటే వేట పోయి టెలిఫోన్ వచ్చింది. పెద్దవాళ్లు రంగంలోకి దిగి నాలుగు తగిలిస్తే ‘లైన్లోకి వచ్చాడు’. ఇప్పుడు రైలొచ్చింది. ఒక్క ప్రేమకథలో మూడు లైన్లు మారాయి! అవతలి మనిషికి ఇష్టం లేదని తెలిశాక కూడా వెంటపడితే దానికి వేరే పేరుంది. అది ‘లైన్ దాటడం’. అక్కడ నవ్వుకోవడానికేమీ లేదు.

నీటి మీద గీత

దాటడం అనగానే గుర్తుకు రావాల్సింది మత్స్యకారులు. ఈ తీరంలో సరైన జెట్టీలు, హార్బర్లు లేక, వేట గిట్టక శ్రీకాకుళం జిల్లా నుంచి చాలామంది ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కి వెళ్లి అక్కడి బోట్ల మీద నెలల తరబడి పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిని, సరిహద్దు లైన్ దాటారంటూ పాకిస్థాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమాకి ఆధారం ఆ ఉదంతమే.

రైలు పట్టా కనిపిస్తుంది. కరెంటు తీగ కనిపిస్తుంది. పొలం గట్టు కనిపిస్తుంది. సముద్రం మీద సరిహద్దు లైన్ మాత్రం కనిపించదు. అలకి అటూ ఇటూ ఒకటే నీళ్లు, ఒకటే చేపలు. మ్యాపు మీద గీసే గీతకి వల వేసే మనిషి ఏడాదికి పైగా జైలు కట్టాడు. ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేపు షిప్పింగ్ లైన్లొస్తే ఇంకో అర్థం తోడవుతుంది. అప్పుడైనా వెరావల్ వెళ్లే లైను కాస్త సన్నబడితే అంతకన్నా కావాల్సిందేముంది!

‘బోర్డర్ లైన్’ అంటే పాసా, ఫెయిలా?

అసలు ఈ మాట గురించి ఇంత చెప్పుకోవడానికి కారణం ఆస్పత్రి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఏం చేస్తోందో దేశమంతటికీ తెలుసు. నీరు, నేల, ఎండలో శ్రమ, వంశపారంపర్యం ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఇంకా తేలలేదు.

ఇక్కడ ప్రతి ఇంటికీ తెలిసిన అంకె క్రియాటినిన్. రక్తపరీక్ష కాగితం తెచ్చుకుని ‘ఎంతొచ్చినాది?’ అని ఒకళ్లనొకళ్లు అడుగుతారు. ‘ఒకటి పాయింటు మూడు. బోర్డర్ లైనన్నారు’ అంటే, వినేవాళ్లు ‘అమ్మయ్య’ అనుకుంటారు.

ఎందుకు అమ్మయ్య? ఎందుకంటే ‘బోర్డర్ లైన్’ అన్న మాట మన ఇళ్లలోకి బడి నుంచి వచ్చింది. ‘మావాడు లెక్కల్లో బోర్డర్ లైన్లో పాసయ్యాడండీ’ అంటాం. ముప్పై అయిదు వచ్చాయి, గట్టెక్కేశాడు. గండం గడిచింది. ఇంక ఆ పుస్తకం తెరవక్కర్లేదు. ఆ మాటే వైద్యుడి నోట వచ్చినా మన చెవి దాన్ని అలాగే వింటుంది.

వైద్యుడి ఉద్దేశం సరిగ్గా దానికి ఎదురు. ‘అంచు మీద ఉన్నావు, జాగ్రత్తపడు’ అని. బడిలో బోర్డర్ లైన్ అంటే ప్రమాదం దాటి వచ్చేశామని. ఆస్పత్రిలో బోర్డర్ లైన్ అంటే ప్రమాదం వైపు వెళ్తున్నామని. రైలు లైన్ క్లియర్‌కీ స్తంభం లైన్ క్లియర్‌కీ ఉన్నంత తేడా ఇది. కాకపోతే అక్కడ ఆ తేడా నేర్పిస్తారు, రిజిస్టరు పెడతారు. ఇక్కడ ఎవరూ విప్పి చెప్పరు.

క్రియాటినిన్‌కి ఇంకో మోసం కూడా ఉంది. కిడ్నీల వడపోత శక్తి దాదాపు సగం పోయేదాకా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. పైగా వయసుని, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఒకే అంకెకి అర్థం మారిపోతుంది. అందుకే వైద్యులు దాన్నుంచి ‘ఈజీఎఫ్‌ఆర్’ అనే ఇంకో అంకె లెక్కగడతారు. కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా అది. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, క్రియాటినిన్ 1.3 ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 78 వస్తుంది. అదే 1.3 ఉన్న అరవై ఏళ్ల అమ్మకి దాదాపు 47. మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. అంటే కొడుకు, తల్లి ఇద్దరి కాగితం మీదా ఒకటే అంకె, ఇద్దరికీ ఒకటే మాట ‘బోర్డర్ లైన్’. కానీ తల్లి ఆ లైను ఎప్పుడో దాటేసింది.

కాబట్టి ‘బోర్డర్ లైన్’ అన్న మాట వినపడగానే ఇంటికొచ్చేయకండి. ‘నా ఈజీఎఫ్‌ఆర్ ఎంతండీ? పోయినసారి ఎంతుంది? మూత్రంలో ప్రొటీన్ పోతోందా? మళ్లీ ఎప్పుడు చేయించాలి?’ అని అడగండి. ఒళ్లునొప్పులకి దుకాణంలో సొంతంగా కొనుక్కునే నొప్పి మాత్రలు కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, వాటి జోలికి పోకండి. బీపీ, షుగరు అదుపులో ఉంచుకోండి. అంచు మీద ఉన్నప్పుడు చేయగలిగింది చాలా ఉంటుంది. దాటాక మిగిలేవి వేరే లైన్లు.

ఆ లైన్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డయాలసిస్ మెషీన్‌కి రెండు ‘బ్లడ్ లైన్లు’. ఎర్రది ఒంట్లోంచి రక్తం తీసుకెళ్తుంది, నీలంది శుభ్రం చేసి తిరిగి తెస్తుంది. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఏడాదికి 156 సార్లు. అత్యవసరంగా మొదలుపెడితే మెడ దగ్గర లైను వేస్తారు. దానికి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. అందుకే వీలైనంత ముందుగా చేతికి ‘ఫిస్టులా’ చేయించుకోమంటారు. మొదట్లో చెప్పుకొన్న ముసలమ్మ మాటలోని లైను ఇదే.

మంచి లైను కూడా ఒకటి వచ్చింది. బోరు నీళ్ల బదులు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పైప్‌లైన్. 700 కోట్ల రూపాయల ఆ పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రిని, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. 807 ఊళ్లకి నీళ్లివ్వాలన్నది లక్ష్యం. పైప్‌లైన్ ఉండటం వేరు, ఆ లైన్లో రోజూ నీళ్లు రావడం వేరు. ‘లైను ఉంది’ అని కాగితం చెప్తుంది. ‘లైను వచ్చింది’ అని చెప్పాల్సింది మాత్రం కుళాయి కింద బిందె పెట్టిన మనిషే. ఇక్కడా చివరికి తెలుగు క్రియే నిజం చెప్తుంది!

మాటని కాదు, మనిషిని వినాలి

ఇంతకీ ‘లైన్’ ఇంగ్లీషా, తెలుగా? జీడిపిక్కని చూడండి. జీడిమామిడి చెట్టు ఎక్కడో బ్రెజిల్‌లో పుట్టింది. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన దేశానికొచ్చింది. ఇవాళ పలాస పేరు చెప్పగానే ఎవరికైనా జీడిపప్పే గుర్తొస్తుంది. దాన్ని పరాయిదని ఎవరంటారు? ఈ మాట కూడా అంతే. ఈ ఇసకలో వేళ్లూనుకుని ఇక్కడి రుచే పట్టుకుంది.

ఇన్ని అర్థాలున్న మాట దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. సరదా కబుర్లలో అయితే ఏ అర్థం తీసుకున్నా పోయేదేం లేదు, నవ్వుకుంటాం. రైలు, స్తంభం, సముద్రం, ఆస్పత్రి... ఈ నాలుగు చోట్ల మాత్రం ఎవరైనా ‘లైన్’ అంటే ఒక్క నిమిషం ఆగి, మొహమాటపడకుండా అడగాలి. ‘బాబూ, ఏ లైను? ఇటా, అటా?’ చదువుకోనివాళ్లు అడిగే ప్రశ్న కాదిది. చదువుకున్నవాళ్లు విప్పి చెప్పాల్సిన జవాబు.